పశువుల సాలలో పట్టిన దోమల్లో మలేరియా దోమ ఏదో ఎలా గుర్తుపట్టాలి?

గెడ్డ_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది పాడేరు వైపు, గెడ్డ పక్కనే ఊరు. వానలు మొదలైతే చాలు, ఎవరో ఒకరు చలిజ్వరంతో మంచం పడతారు. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకి మా ఊరి దోమలే తీసుకుందామని తెల్లారగట్ల టార్చి వేసుకుని పశువుల సాలలో గాజు గొట్టాలతో పట్టాను. గోడ మీద వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా వాలేవి అనాఫిలిస్ అని తెలుసు, కానీ అలాంటివే బోలెడు దొరికాయి. కొన్నింటి కాళ్లకి తెల్ల పట్టీలున్నాయి, కొన్నింటికి లేవు. వీటిలో మలేరియా మోసేవి ఏవి? కాలేజీలో మైక్రోస్కోపు ఉంది గానీ దోమల గురించి చెప్పేవాళ్లు లేరు.

పాత_టార్చిలైటు:
తమ్ముడూ, ముందు మగవాటిని ఏరి పక్కన పెట్టు. మీసాలు ఈకల్లా గుబురుగా ఉంటాయి, అవి కుట్టవు. ఆడ అనాఫిలిస్‌కి తొండానికి రెండు పక్కలా ఉండే పాల్ప్స్ దాదాపు తొండమంత పొడుగుంటాయి, క్యూలెక్స్‌కి పొట్టిగా ఉంటాయి. ఇక కాళ్లు. పట్టీలున్నవి చాలావరకు సబ్‌పిక్టస్, వేగస్ అనే అనాఫిలిస్ జాతులై ఉంటాయి, సాలల్లో కుప్పలుగా దొరికేవి అవే, మన ఏజెన్సీ మలేరియాలో వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. పట్టీల్లేని చిన్న దోమల మీద దృష్టి పెట్టు. అందులో ముఖ్యమైనవి రెండు: క్యూలిసిఫేసిస్, ఫ్లూవియాటిలిస్. రెక్క మీద మూడో ఈనె దాదాపు అంతా నల్లగా ఉంటే మొదటిది, ఎక్కువ భాగం తెల్లగా ఉంటే రెండోది. ఇవే పోలికలతో ఇంకొన్ని ఉన్నాయి కాబట్టి గుర్తింపు కీ (లక్షణాలు ఒక్కొక్కటే చూసుకుంటూ జాతి పేరు తేల్చే పట్టిక) దగ్గర పెట్టుకుని పాల్ప్స్ మీది పట్టీలు కూడా సరిచూసుకో. గొట్టంలో తడి చేరనివ్వకు, పొలుసులు రాలిపోయాయంటే ఆ దోమతో ఇక పనిలేదు.

మన్యం_పిల్ల:
గెడ్డలో పిల్లపురుగులు కూడా చూడండి. నీటి పైన అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్, తల కిందులుగా వేలాడుతుంటే వేరేది. మెల్లగా పారే గెడ్డ అంచున, గడ్డి నీళ్లలోకి వంగిన చోట ఫ్లూవియాటిలిస్ ఉంటుంది. ఇసుకలో మిగిలిన గుంటలు, వరి మడులు, కాలవలు క్యూలిసిఫేసిస్‌కి ఇష్టం. మురిక్కాలవ దగ్గర టైం వేస్టు చేసుకోకండి.

ల్యాబ్_బల్ల:
పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ రిపోర్టులో "సాలలో ఇది ఎక్కువ దొరికింది కాబట్టి మా ఊళ్లో మలేరియాకి కారణం ఇదే" అని మాత్రం రాయొద్దు. సాలలో పశువుల రక్తం తాగేవి ఎక్కువ దొరకడం మామూలే. పైగా క్యూలిసిఫేసిస్ అన్నది ఒక్క జాతి కాదు, ఇంగ్లీషు అక్షరాలతో ఏ (A) నుంచి ఈ (E) దాకా అయిదున్నాయి, మైక్రోస్కోపు కింద కూడా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బి రకం మలేరియాని పెద్దగా మోయదు. ఫ్లూవియాటిలిస్‌లో ఎస్ రకం మనుషుల మీద పడుతుంది, టి రకం ఎక్కువగా పశువుల మీద. వీటిని విడదీయాలంటే గుడ్లు సగం పెరిగిన ఆడదోమ అండాశయంలో క్రోమోజోములు చూడాలి, లేదా పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) చెయ్యాలి. అసలు రుజువు దోమ లాలాజల గ్రంథుల్లో స్పోరోజోయిట్లు (కుట్టినప్పుడు మనిషిలోకి వెళ్లే మలేరియా పరాన్నజీవి రూపాలు) దొరకడమే. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూసినప్పుడు ఆయనకీ ఆ దోమ పేరు తెలీదు, మచ్చల రెక్కల దోమ అని రాసుకున్నాడంతే. కాబట్టి పేరు దగ్గర ఆగినా సిగ్గుపడక్కర్లేదు, తేల్చింది ఎంతవరకో స్పష్టంగా రాయి చాలు.

గెడ్డ_ఒడ్డు:
చాలా థ్యాంక్స్ అండీ. అయితే మనుషులు పడుకునే గదుల్లో కూడా పడతాను. ఏ టైముకి వెళ్లాలి, లెక్క ఎలా రాయాలి?

పాత_టార్చిలైటు:
పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు, పొగ పెట్టకముందే. ఎంతమంది ఎన్ని నిమిషాలు వెతికారో రాసుకుంటే, ఒక మనిషికి గంటకి ఎన్ని దొరికాయో లెక్క తేలుతుంది. సాలవి, ఇంటివి కలపకు. ఆ ఇంటి గోడలకి దోమల మందు ఎప్పుడు కొట్టారో, కొట్టాక గోడలు అలికారో లేదో ఇంటావిడని అడిగి పక్కనే రాయి. అలికితే మందు మట్టి కిందకి పోతుంది, అలాంటి ఇంటినీ అలకని ఇంటినీ ఒకే లెక్కలో వేస్తే అంకెలు పనికిరావు.