కుర్చీలోంచి లేవకుండా టెన్షన్ దించుకునే ఉపాయం ఏదైనా చెప్పండి

పోర్టు_గుమాస్తా:

అందరికీ నమస్కారం. నేను వైజాగ్‌లో పోర్టుకి దగ్గర్లో ఒక క్లియరింగ్ ఏజెన్సీలో డాక్యుమెంటేషన్ చూస్తాను, నాలుగేళ్ళయింది. పని కష్టమని చెప్పను గానీ అది వచ్చే తీరే ప్రాణం తీస్తోంది. పొద్దున పది నుంచి పదకొండున్నర దాకా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం, ఆ తర్వాత షిప్పింగ్ లైన్ వాళ్ళ మెయిలు, పార్టీ ఫోను, యార్డులో ఉన్న మా కుర్రాడి వాట్సాప్ మూడూ ఒకేసారి మీద పడతాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో దాఖలు చేసే కాగితం, ఆలస్యమైతే మొదటి 3 రోజులు రోజుకి 5,000, ఆ పైన రోజుకి 10,000 చొప్పున లేట్ ఫీజు, అది కాక కంటైనర్‌కి ఫ్రీ డేస్ (ఊరికే ఉంచుకోనిచ్చే రోజులు) దాటితే డిటెన్షన్ అని షిప్పింగ్ లైన్ వాళ్ళు వేసే చార్జీ వేరే. ఆ డబ్బు నా జేబులోంచి పోదు గానీ తిట్లు మాత్రం నాకే.

మొన్న హెచ్ఎస్ కోడ్‌లో, అంటే సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబరులో, ఒక్క అంకె తప్పు కొట్టాను. సబ్మిట్ చెయ్యకముందే చూసుకుని దిద్దేశాను, ఏమీ కాలేదు. అయినా అరగంట దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, మెడ వెనక పట్టేసింది, సాయంత్రం ఇంటికెళ్ళాక మా ఆవిడ "ఏంటలా ఉన్నారు" అని మామూలుగా అడిగితే ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. పాపం ఆవిడకి హెచ్ఎస్ కోడ్ అంటే ఏమిటో కూడా తెలీదు.

యోగా క్లాసులో చేరండి, అరకు వెళ్ళి రండి లాంటివి మాత్రం చెప్పకండి దయచేసి. ఆర్కే బీచ్ మా ఆఫీసు నుంచి బండి మీద పది నిమిషాలే, కానీ పని వేళలో నాకది అమెరికా అంత దూరం. మాది ఒకటే హాలు, ఎనిమిది మందిమి, బాస్ కేబిన్‌కి అద్దం తలుపు. ఉన్న ఒక్క బాత్రూమ్‌లో రెండు నిమిషాలు ఎక్కువుంటే ఎవరో ఒకరు తలుపు కొడతారు. సీట్లోనే, ఎవరికీ తెలియకుండా, రెండు మూడు నిమిషాల్లో అయిపోయేది ఏదైనా ఉంటే చెప్పండి.

మురీమిక్చర్:

నిమ్మకాయ గట్టిగా పిండించుకుని ఒక పొట్లం మురీ మిక్చర్ తినండి గురువుగారూ. సగం టెన్షన్ అక్కడే పోతుంది, మిగతా సగం కారానికి పోతుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

నేను నర్సునండీ, ఐసీయూలో చేస్తాను. మీరడిగినట్టు కూర్చున్న చోటే అయ్యేది ఒకటుంది, మా డ్యూటీలో నేను రోజూ వాడుకునేది. ముక్కుతో గాలి పీల్చండి. ఛాతీ నిండింది అనిపించాక వదలకుండా, అదే ముక్కుతో ఇంకో చిన్న గుక్క లోపలికి లాగండి. ఆ తర్వాత వేడి టీ మీద ఊదినట్టు నోటితో మెల్లగా, మొత్తం ఖాళీ అయ్యేదాకా వదిలేయండి. పీల్చిన దానికంటే వదిలేది బాగా పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. చిన్నపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చి ఊరుకునే ముందు రెండు గుక్కలు లోపలికి లాగి ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తారు చూశారా, అచ్చం అదే. అది పిల్లలకి ఎవరూ నేర్పరు.

గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది, వయసులో ఉన్నవాళ్ళకి మానిటర్ పెడితే ఆ అంకె పెరగడం తగ్గడం కంటికే కనిపిస్తుంది. అందుకే వదలడాన్ని సాగదీయమనేది. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కొందరితో నెల రోజులపాటు రోజుకి 5 నిమిషాలు ఇలా చేయించి, అంతే సేపు ధ్యానం చేసినవాళ్ళతో పోల్చి చూశారు, మనసు తేలికపడటం ఈ నిట్టూర్పుల వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. మీకు ఆ క్షణానికి మూడు నాలుగు సార్లు చాలు. గబగబా చేస్తే మాత్రం తల తిరుగుతుంది, తొందరపడకండి.

ఇంకో మాట. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, ఎడమ చెయ్యో దవడో లాగడం, చల్లటి చెమటలు, ఇలాంటివి ఉంటే అది టెన్షనే అని సర్దిచెప్పుకోకండి, 108కి ఫోన్ చెయ్యండి. గ్యాస్ అనుకుని సోడా తాగి సాయంత్రం దాకా సీట్లో కూర్చుని మా దగ్గరికి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

ఋషికొండ_టికెట్లు:

సిస్టర్ గారు చెప్పింది ఇప్పుడే చేసి చూశాను, పక్క సీటువాడు "ఏంటి బ్రో, బ్రేకప్పా" అన్నాడు. కాబట్టి చప్పుడు రాకుండా వదలండి.

నాది సపోర్ట్ ఉద్యోగం. ఋషికొండ మీద ఆఫీసంటే మా చుట్టాలంతా నేను సముద్రం చూస్తూ పని చేస్తాననుకుంటారు, అసలు సంగతేంటంటే ఎండ స్క్రీన్ మీద పడుతోందని ఎవరో ఒకరు పొద్దున్నే బ్లైండ్స్ దించేస్తారు, ఇక సాయంత్రం దాకా ట్యూబులైట్లే. కళ్ళ డాక్టరు చెప్పాక 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూస్తున్నాను, ఆ వంకతో బ్లైండ్ ఒక చెక్క పైకెత్తి సముద్రం వైపు చూస్తాను. కంటికి మంచిదని మొదలుపెట్టింది గానీ నుదురు బిగుసుకోవడం కూడా తగ్గింది.

అసలు అడగాల్సింది ఇది: రోజుకి ఎన్ని టీలు, ఎన్ని కాఫీలు తాగుతారు? నేను మెషీన్ కాఫీ ఆరు కప్పులు లాగించేవాణ్ణి. చేతులు వణుకుతుంటే క్లయింట్ భయం అనుకునేవాణ్ణి, తీరా చూస్తే అందులో సగం వాటా కాఫీదే. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది, అంటే నాలుగింటికి తాగిన కాఫీలో సగం రాత్రి తొమ్మిదింటికి కూడా ఇంకా ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ మానేశాను. ఒకేసారి మానకండి, నేనలాగే మానేసి మూడు రోజులు తలనొప్పితో చచ్చాను.

వాట్సాప్ చప్పుళ్ళు కూడా ఆపెయ్యండి బ్రో. మీ యార్డు కుర్రాడికి ఒక్కడికే వేరే రింగ్‌టోన్ పెట్టుకోండి. ఫోను మోగితే అది అతనిదో, ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగో చూడకుండానే తెలుస్తుంది.

గాజువాక_మావయ్య:

బాబూ, నేను ప్లాంటులో ముప్పై ఏళ్ళ పైన షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి. మాకు ట్రైనింగులో నేర్పిన ముక్క ఒకటి చెప్తాను, బల్ల కింద చేసుకోవచ్చు, నీ బాస్ అద్దం తలుపుకి కళ్ళద్దాలు పెట్టుకుని చూసినా తెలీదు.

కాలి వేళ్ళని చెప్పులోకి గుచ్చుతున్నట్టు ముడిచి బిగించు. ఐదారు సెకన్లు ఉంచి ఒక్కసారిగా వదిలెయ్. వదిలాక పది పదిహేను సెకన్లు ఏమీ చెయ్యొద్దు, పాదంలోకి వెచ్చగా పాకినట్టుంటుంది, దాన్నే గమనించు. ఏటంటే చాలామంది బిగిస్తారు గానీ ఈ ఆగడం దగ్గర తొందరపడిపోతారు. తర్వాత పిక్కలు, తర్వాత తొడలు, తర్వాత గుప్పిళ్ళు, ఆఖర్న భుజాలు చెవుల దాకా లేపి వదిలెయ్యడం. మొత్తం రెండు నిమిషాల్లోపే. భుజాలు మాత్రం అందరికీ కనపడతాయి కాబట్టి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నటించు. ఇది జేకబ్సన్ అనే అమెరికా డాక్టరు 1920ల్లోనే చెప్పిన పద్ధతి, బిగుసుకుపోయిన కండని "వదులవ్వు" అంటే మాట వినదు, ఇంకాస్త బిగించి వదిలితే వింటుంది. బీపీ ఉంటే బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టకు, మెడ నొప్పి ఉందన్నావు కాబట్టి మెడ జోలికి వెళ్ళకు.

ఇంకోటి, వైజాగ్ ఉక్కపోతలో మధ్యాహ్నం పూట సగం చిరాకు నీళ్ళు తాగక వచ్చేదే. సీసా ఎదురుగా పెట్టుకో.

తిరగబడ్డ_ఫైలు:

అందరూ ఒంటికి మందు చెప్తున్నారు, జబ్బు ఆఫీసుది. నేనూ ఒకప్పుడు లాజిస్టిక్స్‌లో చేశాను కాబట్టి చెప్తున్నా అన్నా, ఆ పదకొండున్నర గొడవ ఆకాశం నుంచి ఊడిపడదు. పది నుంచి పదకొండున్నర దాకా ఖాళీ అన్నారు కదా, పదింపావుకి మీరే యార్డుకి ఫోన్ చెయ్యండి, లైన్ వాళ్ళకి మీరే మెయిల్ కొట్టండి. ఏ కంటైనర్‌కి ఫ్రీ డేస్ ఏ తారీకుతో అయిపోతాయో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించండి, బాస్ వచ్చి "అదేమైంది" అంటే వేలు పెట్టి చూపించండి. హెచ్ఎస్ కోడ్ పక్క సీటాయన పైకి చదువుతుంటే మీరు స్క్రీన్ మీద చూసుకోండి, అరనిమిషం పని. మా దగ్గర ఇది మొదలెట్టాక నాకు రాత్రిపూట అంకెలు కల్లోకి రావడం తగ్గింది. ఊపిరి పీల్చుకోండి, వద్దనను, కానీ రోజూ అదే టైముకి అదే మంట అంటుకుంటుంటే రోజూ నీళ్ళే చల్లుకుంటూ కూర్చుంటామా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

ఫైలు గారూ, మీరు చెప్పింది సబబే, కానీ ఆఫీసు మారేదాకా గుండె ఆగి చూడదు కదా, అప్పటిదాకా ఇదీ కావాలి. ప్రశ్న అడిగిన ఆయనకి: నిద్ర పట్టకపోవడం, ఇంట్లో కసురుకోవడం ఇలాగే రెండు మూడు వారాలు సాగితే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులుండవు, 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మన ఊళ్ళో మానసిక ఆసుపత్రి పేరు చెప్పి జోకులేసుకోవడం అలవాటైపోయి ఇలాంటి వాటికి ఫోన్ చెయ్యడానికి సిగ్గుపడతారు. బీపీ మాత్రకి లేని సిగ్గు దీనికెందుకో నాకు అర్థం కాదు.

పోర్టు_గుమాస్తా:

పది రోజులైంది, ఏమైందో చెప్దామని వచ్చాను. అందరికీ థాంక్స్.

మావయ్య గారి కాలి వేళ్ళే నాకు బాగా పనికొచ్చాయి. బాస్ నా వెనకే నిలబడి ఫోన్లో ఎవరినో అరుస్తుంటే కూడా చేశాను, చెప్పు కిర్రుమంది గానీ ఎవరూ పట్టించుకోలేదు. సిస్టర్ గారి నిట్టూర్పు సీట్లో కుదరలేదు, ఎలా వదిలినా చప్పుడొస్తోంది, అందుకని జెరాక్స్ మెషీన్ దగ్గర నిలబడి చేస్తున్నాను, అది చేసే గోలలో నాది వినపడదు. టీలు లెక్కపెడితే ఐదు తేలాయి, నేను మూడే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నాలుగింటి టీ మాత్రం మానలేకపోయాను, అప్పుడు అందరం కలిసి తాగుతాం, ఒక్కణ్ణే కూర్చోలేను.

ఫైలు గారి మాట విని పదింపావుకి ఫోన్లు మొదలెట్టాను. మొదటి రోజు యార్డు కుర్రాడు కంగారుపడ్డాడు, ఏదో తప్పు జరిగిందనుకున్నాడట. సోమవారం రెండు వెసెల్స్ ఒకే పూట వచ్చాయి, ఆ రోజు ఏ ఉపాయమూ పని చెయ్యలేదు, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. కానీ మిగతా రోజుల్లో పదకొండున్నరకి మీద పడే మూడింట్లో ఒకటైనా ముందే తేలిపోతోంది. మానిటర్ పక్కన కాగితం చూసి బాస్ ఏమీ అనలేదు, మర్నాడు వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళాడు.

ఎవరూ చెప్పనిది ఒకటి నేనే కనిపెట్టుకున్నాను. ఇంటికెళ్ళాక అపార్ట్‌మెంట్ కింద బండి స్టాండ్ వేసి, హెల్మెట్ తియ్యకుండానే రెండు నిమిషాలు అలాగే కూర్చుంటున్నాను, హెల్మెట్ లోపల ఎంత చప్పుడు చేస్తూ గాలి వదిలినా అడిగేవాళ్ళు లేరు. నిన్న వాచ్‌మన్ వచ్చి బండి స్టార్ట్ అవ్వట్లేదా సార్, తొయ్యమంటారా అని అడిగాడు.

ఆ, రింగ్‌టోన్ సంగతి. యార్డు కుర్రాడికి ఓడ సైరన్ పెట్టాను. మొదటిసారి మోగినప్పుడు హాల్లో ఏడుగురూ ఉలిక్కిపడ్డారు, ఇప్పుడు వాళ్ళకీ టెన్షన్ మొదలైంది. మార్చాలి. ఇదిగో, మళ్ళీ మోగుతోంది, ఉంటాను.