అడాపలీన్ జెల్ కొత్తగా మొదలుపెడుతున్నా: మొటిమలు, నల్లమచ్చలు. ఎలా రాసుకోవాలి?

కృష్ణలంక26:
అందరికీ నమస్కారం. వయసు 26, జిడ్డు చర్మం, చామనఛాయ. నుదుటి మీద గరుగ్గా తగిలే చిన్న పొక్కులు, చెంపల మీద ఎర్రటి మొటిమలు, అవి తగ్గాక నెలల తరబడి వదలని గోధుమరంగు మచ్చలు. స్కిన్ డాక్టర్ గారు రాత్రికి అడాపలీన్ 0.1% జెల్, పగటికి క్లిండమైసిన్ జెల్ రాశారు. పల్చగా రాసుకోమన్నారు, సన్‌స్క్రీన్ తప్పనిసరి అన్నారు. బయట జనం ఎక్కువగా ఉండటంతో అంతకంటే అడగడం కుదరలేదు. పల్చగా అంటే ఎంత? మొటిమ మీదేనా, మొహమంతానా? మొదట్లో ఇంకా ఎక్కువ వస్తాయంటారు, ఎన్నాళ్లు ఓపిక పట్టాలి? ఇంకోటి, అక్క మచ్చలకు వాడే క్రీము ఇంట్లో ఉంది. దాని మీద ట్రెటినాయిన్ అని ఉంది. అదీ ఇదీ ఒకటే అయితే అదే వాడేయొచ్చా? రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లాలి.

మందుల_చీటీ:
మన చామనఛాయ చర్మంలో మంట పుట్టిన చోటల్లా మచ్చ మిగులుతుందండీ. మొటిమ వదిలే మచ్చ ఎలా వస్తుందో, మందు ఎక్కువై చర్మం కమిలితే వచ్చే మచ్చా అలాగే వస్తుంది. త్వరగా తగ్గాలని మొదటి వారం నుంచే రోజూ దట్టంగా పట్టించేవాళ్లు ఉన్న మచ్చలకు కొత్తవి చేర్చుకుంటారు. అందుకే నెమ్మదిగా మొదలుపెట్టమనేది.

మొటిమ మీద మాత్రమే రాస్తే ఉపయోగం తక్కువ. పైకి కనబడే మొటిమను ఎండగట్టే మందు కాదిది. వెంట్రుక మొలిచే సన్నటి రంధ్రంలో మృతకణాలు జిడ్డుతో కలిసి ఉండకట్టడం దగ్గరే మొటిమ మొదలవుతుంది. ఆ పూడిక పడకుండా చూడటమే అడాపలీన్ పని. ఇవాళ పైకి తేలిన మొటిమ లోపల వారాల కిందటే మొదలై ఉంటుంది. కాబట్టి మొటిమలు వచ్చే ప్రాంతమంతా రాయాలి: నుదురు, రెండు చెంపలు, గడ్డం.

కొలత: చూపుడువేలి కొసన బఠాణీ గింజంత. మొహం మొత్తానికి అంతే, ఒక్కో చెంపకు కాదు. దాన్ని నుదుటి మీద, చెంపల మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి, రుద్దకుండా వేళ్లతో పల్చగా పరచాలి. రాశాక మొహం మీద తెల్లగా కనబడితే ఎక్కువైనట్టే. ఈ లెక్కన 15 గ్రాముల ట్యూబు రోజూ రాసినా నెలన్నర పైనే రావాలి. మూడు వారాలకే ఖాళీ అయితే కొలత తప్పుతోందని అర్థం.

రాత్రి మొహం నురగ ఎక్కువ రాని ఫేస్‌వాష్‌తో కడిగి, తువ్వాలుతో అద్దుకుని, ఇరవై నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద రాస్తే మందు ఎక్కువగా దిగి మంట పెడుతుంది. రాసే ముందు ముక్కు పక్క మడతల్లో, పెదాల చివర్లలో, కళ్ల మూలల్లో కాస్త వాజ్‌లైన్ అద్దండి. మందు జారి చేరేది ఆ మడతల్లోకే, ముందు పొట్టు లేచేదీ అక్కడే. జెల్ ఆరాక సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్. చర్మం సున్నితమైతే జెల్‌కు ముందొకసారి, తర్వాతొకసారి రాసుకున్నా పర్లేదు, మందు బలం కాస్త తగ్గినా పని ఆగదు. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని మానేసేవాళ్లే ఎక్కువగా మధ్యలో మందు వదిలేస్తారు.

మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, సోమ, గురువారాలు అనుకోండి. తర్వాతి రెండు వారాలు రోజు విడిచి రోజు. తట్టుకుంటే అప్పుడు రోజూ. అదీ మండితే అరగంట ఉంచి కడిగేయడం అనే పద్ధతి ఉంది, రెండు మూడు వారాలకు అలవాటు పడుతుంది.

మొదట్లో ఎక్కువ రావడం నిజమే, కానీ అందరికీ రావు. లోపల తయారై ఉన్న పూడికలు త్వరగా పైకి తేలుతాయి. ఇది రెండో వారం నుంచి ఆరో వారం దాకా, అదీ మీకు ఎప్పుడూ వచ్చే చోట్లలోనే. ఎన్నడూ రాని చోట వస్తున్నా, లోతుగా నొప్పి పెట్టే గడ్డలు లేస్తున్నా డాక్టర్‌కు చూపించండి. మొటిమల్లో తేడా 8 నుంచి 12 వారాలకు తెలుస్తుంది. మచ్చలు పల్చబడటానికి ఇంకా కొన్ని నెలలు. గుంటలు పడిన మచ్చలు మాత్రం ఏ క్రీముతోనూ పూడవు, వాటికి వేరే చికిత్స.

క్లిండమైసిన్ గురించి డాక్టర్ గారిని ఒకటి అడగండి: జతగా బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5% (మొటిమ క్రిములను చంపే పూత మందు) కూడా పెడతారా అని. ఈ యాంటీబయాటిక్ ఒక్కటే నెలల తరబడి రాస్తే క్రిములు దానికి లొంగడం మానేస్తాయి. అందుకే దాన్ని సాధారణంగా మూడు నెలల లోపే ఆపిస్తారు, అడాపలీన్ మాత్రం కొనసాగుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన తువ్వాళ్లు, దిండు గలీబులు వెలిసిపోతాయి, తెల్లవి వాడుకోండి.

పెసరగింజ:
అక్క గారి ట్యూబు జోలికి వెళ్లకండి. ముందు దాని వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. ట్రెటినాయిన్‌తో పాటు హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అని ఉంటే అది మూడు మందుల క్రీము. మొమెటాసోన్ స్టెరాయిడ్. ఫ్లూయోసినోలోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ అన్నా అదే జాతి.

మంగు మచ్చలకు డాక్టర్లు దాన్ని కొద్ది వారాలు, కనిపెట్టుకుంటూ వాడిస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని తెల్లబడే క్రీములా ఏళ్ల తరబడి రాస్తేనే ప్రమాదం. మొదట మొహం నిగనిగలాడుతుంది, అందుకే మానబుద్ధి కాదు. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రటి సన్నటి నరాలు తేలి, ఎండకు వెళ్తే భగ్గుమంటుంది. మొహమంతా ఒకే సైజు పొక్కులు లేస్తాయి. ఆపితే మంటా దురదా రెట్టింపు అవుతాయి, దాంతో మళ్లీ అదే రాస్తారు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది, అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. అక్క చాలాకాలంగా వాడుతుంటే ఉన్నట్టుండి ఆపమనకండి, ట్యూబు పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఒకవేళ ఒట్టి ట్రెటినాయినే అయినా రెండూ కలిపి వాడకూడదు. రెండూ ఒకే కుటుంబం, అయితే అడాపలీన్ మంట తక్కువ పెడుతుంది, వెలుతురుకు చెడిపోదు.

పగటినీడ:
స్కూటీ సంగతి ఎవరూ చెప్పలేదు. చున్నీ కట్టుకున్నాను కదా అని సన్‌స్క్రీన్ మానకండి. చున్నీని కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి, అవతల వేళ్లు కనబడుతుంటే ఎండ కూడా అలాగే దిగుతుంది. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది తీసుకుని చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండండి, మొహానికీ మెడకూ అది కొలత. బయటే తిరిగే పనైతే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. చామనఛాయ వాళ్లకు మామూలు వెలుతురు కూడా మచ్చను ముదరబెడుతుంది. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీనే. మొహం తెల్లగా పాలిపోయినట్టు కనబడే బాధా ఉండదు.

హెల్మెట్ పట్టీ గడ్డాన్ని ఒరుసుకునే చోట మొటిమలు వస్తుంటే పట్టీ లైనింగ్ వారానికోసారి ఉతకండి. తలకు నూనె పెట్టి పడుకునే అలవాటుంటే నుదుటి పొక్కులకు అదీ కారణం కావచ్చు.

శనగపిండి నలుగు, నిమ్మరసం, ముల్తానీ మట్టి, స్క్రబ్బులు, పార్లర్‌లో బ్లీచ్ అన్నీ పక్కన పెట్టాలి. పైపెదవి, చెంపల మీద వ్యాక్సింగ్ చేయిస్తే వెంట్రుకతో పాటు చర్మం పొర లేచొస్తుంది, జెల్ వారం ముందే ఆపాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, గర్భం వచ్చినా ఈ జెల్ ఆపేసి డాక్టర్‌కు చెప్పండి, బదులుగా అజెలాయిక్ ఆమ్లం లాంటివి ఉన్నాయి. నెలసరి సరిగా రాకుండా, దవడ వెంబడి మొటిమలు, గడ్డం మీద ముదురు వెంట్రుకలు కూడా ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) పరీక్షలు చేయించుకోవాలి.

కృష్ణలంక26:
అందరికీ చాలా థాంక్స్. ట్యూబు చూశాను, మొమెటాసోన్ ఉంది. అక్కతో మాట్లాడాను, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా. జెల్ వారానికి రెండుసార్లు మొదలుపెట్టా. ముక్కు పక్కల పొట్టు లేస్తోంది, మాయిశ్చరైజర్ రాసినా అక్కడ చురుక్కుమంటోంది. ఆపేయాలా?

మందుల_చీటీ:
పొట్టు ఒక్కటే అయితే ఆపమనేదాన్ని కాదు. ఉత్త మాయిశ్చరైజర్‌కే చురుక్కుమంటే చర్మం పై పొర దెబ్బతిన్నట్టు. ఐదారు రోజులు జెల్ ఆపండి, క్లిండమైసిన్ జెల్ కూడా మండుతుంటే అదీ ఆపి డాక్టర్ గారికి ఫోన్‌లో చెప్పండి. చల్లటి నీళ్లతో కడగడం, మాయిశ్చరైజర్, మడతల్లో వాజ్‌లైన్, పగలు సన్‌స్క్రీన్, అంతే. పొట్టును గిల్లకండి, గిల్లిన చోట మచ్చ పడుతుంది. మాయిశ్చరైజర్ చురుకు పూర్తిగా పోయాక వారానికి ఒక్క రాత్రితో మొదలుపెట్టండి, ముక్కు పక్కల అసలు రాయకండి. కనురెప్పలు వాచినా, రసి కారినా, దద్దుర్లు లేచినా అది వేరు. అప్పుడు మళ్లీ మొదలుపెట్టకుండా డాక్టర్‌కు చూపించండి.