రేటింగ్ ఎక్కడిదక్కడే: ఓడిన గేముల్ని మీరెలా చూసుకుంటారు?

బంటు_మిత్రుడు:
అందరికీ నమస్తే. ఆఫీసయ్యాక రాత్రిళ్లు లిచెస్ అనే సైట్‌లో చెస్ ఆడుతుంటాను. ర్యాపిడ్ రేటింగ్ 1500 దాటుతుంది, వారం తిరక్కుండానే మళ్లీ 1430కి దిగుతుంది. యూట్యూబ్‌లో ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల) వీడియోలు తెగ చూశాను. సిసిలియన్ అనే ఓపెనింగ్ మీద ఒక కోర్సు కూడా కొన్నాను. పజిల్స్ రోజూ చేస్తాను, వాటిలో రేటింగ్ 2000 పైనే. గేములోకి వస్తే మాత్రం మామూలే. ఓడాక కంప్యూటర్ అనాలసిస్ నొక్కుతాను, తప్పు ఎత్తుల పక్కన ఎర్ర ప్రశ్నార్థకాలు చూస్తాను, "ఓహో ఇక్కడా" అనుకుని ఇంకో గేము మొదలెడతాను. మీకు పనికొచ్చిందేదైనా చెప్పండి. కోచ్‌ను పెట్టుకోమని మాత్రం అనకండి, ప్రస్తుతానికి ఆ బడ్జెట్ లేదు.

శకటు_గుంటూరు:
ఏ టైమ్ కంట్రోల్?

బంటు_మిత్రుడు:
10+0 అండీ, అంటే గేముకు ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఎత్తుకు అదనపు సెకన్లు సున్నా. నిద్ర పట్టకపోతే 3+0.

శకటు_గుంటూరు:
అయితే సగం జబ్బు అక్కడే ఉంది. 10 నిమిషాల్లో 40 ఎత్తులాడాలంటే ఎత్తుకు 15 సెకన్లు. ఎదుటివాడు ఇప్పుడాడిన ఎత్తుతో ఏం బెదిరిస్తున్నాడో చూసుకోవడానికే అది చాలదు, ఇక ప్లాన్ ఎక్కడ? 15+10కి మారండి, వీలు చిక్కితే 30+20. వారానికి రెండు మూడు గేములైనా చాలు. మా రేటింగ్ టోర్నీల్లో మామూలుగా 90 నిమిషాలు, పైన ఎత్తుకు 30 సెకన్లు. ఫోన్లో బ్లిట్జ్ (మూడు, ఐదు నిమిషాల గేములు) ఆడీ ఆడీ వచ్చిన పిల్లలు మొదటి ఇరవై ఎత్తులు టకటకా ఆడేసి హాల్లో పక్క బోర్డులు చూస్తూ తిరుగుతారు. తిరిగొచ్చేసరికి వాళ్ల బోర్డు మీద ఒక గుర్రం తక్కువుంటుంది.

ఓరుగల్లు_గుర్రం:
బ్లిట్జ్ ఆడితే చెడిపోతరంటే నేను ఒప్పుకోనన్నా. ఓపెనింగ్‌లు చేతికి అలవాటయ్యేది బ్లిట్జ్‌లనే. ఆడుడు తప్పు కాదు, ఆడినంక చూడకపోవుడు తప్పు. ఓడిన కోపంల రీమ్యాచ్ నొక్కుతరు చూడు, రేటింగ్ మొత్తం పోయేది ఆ రాత్రే. వరుసగా రెండు పోయినయంటే నేను ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి పండుకుంట.
బంటు భాయ్, ముచ్చట్లెందుకు, ఒక గేము పెట్టు ఇక్కడ. గెలిచేది చేజారింది అయితే ఇంకా మంచిది.

బంటు_మిత్రుడు:
మొన్నటిది. నాది తెలుపు. నా రాజు ఇ4లో (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), బంటు ఇ3లో. అతని దగ్గర ఒక్క రాజే, ఇ7లో. ఎత్తు నాది. బంటుకు నా రాజే అడ్డం కదా అని డి4కి జరిపి దారి వదిలాను. చివరికి స్టేల్‌మేట్, అంటే అతనికి చెక్ లేదు, ఆడే ఎత్తూ లేదు, డ్రా. అనాలసిస్ చేసే ఇంజన్ డి4కి రెండు ప్రశ్నార్థకాలు (పెద్ద తప్పు) వేసి 0.0 (సమానం) చూపించింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

నల్లగడి:
ఇంజన్ ఎందుకో చెప్పదు. నేను చెప్తా, బోర్డు ముందు పెట్టుకుని చదవండి.
ఆడాల్సింది రాజు ఇ5. ఇలాంటి చోట బంటు పరిగెత్తకూడదు, రాజు ముందుండి దారి చేయాలి. మీ రాజు ఇ5లో, అతని రాజు ఇ7లో, మధ్యలో ఒక్క గడి, ఎత్తు అతనిది. అపోజిషన్ అంటే ఇదే. అతను తప్పుకోక తప్పదు. డి7కి వెళితే మీరు ఎఫ్6కి, ఎఫ్7కి వెళితే మీరు డి6కి. ఆపైన తొందర లేకుండా బంటును తోసుకురండి. మీ రాజు ఆరో వరుసలో, దాని వెనకే బంటు ఉంటే ఎత్తు ఎవరిదైనా గెలుపే. ఎ, హెచ్ నిలువు వరుసల బంటుకు మాత్రం ఈ లెక్క చెల్లదు. అతని రాజు మూలకు చేరితే డ్రా.
ఇక మీరాడింది. డి4 అనగానే అతను డి6. మీరు ఇ4కి తిరిగొస్తే అతను ఇ6, ఇప్పుడు అపోజిషన్ అతనిది. కాదని బంటును ఇ4కి తోస్తే ఇ6కి వచ్చి నిలబడతాడు. బంటు ఇ5కి వస్తే అతను ఇ7, మీ రాజు డి5కి వస్తే అతను డి7, బంటు ఇ6 చెక్, అతను ఇ7, మీ రాజు ఇ5. ఇక్కడ అతను డి8కో ఎఫ్8కో వెళ్లుంటే మీరే గెలిచేవారు. తెలిసినవాడు నేరుగా వెనక్కి, ఇ8కి పోతాడు. మీరు డి6, అతను డి8, బంటు ఇ7 చెక్, అతను ఇ8, మీరు ఇ6. స్టేల్‌మేట్.

బంటు_మిత్రుడు:
అచ్చం ఇలాగే జరిగింది సర్! ఇ8కే వెళ్లాడు.

సిసిలియన్_సుబ్బు:
బాగుంది గానీ, ఈ లెవెల్లో ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలే చివరి దశ) దాకా వచ్చే గేములెన్ని? నేను 1400లో ఉన్నప్పుడు పన్నెండో ఎత్తుకే మంత్రి పోయేది. ఓపెనింగ్ గట్టిగా ఉంటే ఆ గోల ఉండదు. బ్రో కోర్సు కొనడం తప్పేం కాదు, మధ్యలో ఆపకుండా పూర్తి చెయ్యి.

శకటు_గుంటూరు:
మంత్రి పోయింది సిసిలియన్ తెలియక కాదు సుబ్బూ, ఎదుటి గుర్రం ఎక్కడికి దూకుతుందో చూసుకోక. అరవై వేరియేషన్లు బట్టీపట్టిన కుర్రాణ్ని ఎదుటివాడు మూడో ఎత్తుకే పుస్తకంలో లేని దారికి లాగేస్తే ఇక అంతే. ఆ స్థాయిలో ఓపెనింగ్ అంటే బంట్లతో మధ్య గడులు పట్టుకోవడం, గుర్రాలూ శకట్లూ బయటికి తీయడం, క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును భద్రపరచడం). ఈ ఎత్తు ఎందుకు ఆడుతున్నానో చెప్పగలిగితే లైను మరిచిపోయినా మునిగిపోరు.
ఎండ్‌గేమ్ రాదంటావా? 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేము. స్కోరు సమానం. అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌ది తెలుపు, గుకేశ్‌ది నలుపు. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అయినా డ్రా అయ్యే ఆటే. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చేసుకుని శకటును డి5లో పెట్టాడు. డింగ్ శకటు ఎ8 మూలలో ఇరుక్కుని ఉంది, మార్పిడి తప్పించుకునే దారి లేదు. మార్చుకుంటే మిగిలేది రాజులూ బంట్లే, అది తేలిగ్గా పోయే ఎండ్‌గేమ్. 58వ ఎత్తు తర్వాత రిజైన్. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అనేది ఎండ్‌గేమ్ తెలిస్తేనే తెలుస్తుంది. నీ పన్నెండో ఎత్తుకూ అది పనికొస్తుంది.
అన్నట్టు ఆ మ్యాచ్‌కి గుకేశ్ టీమ్‌లో మా గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ ఉన్నాడు. సందు దొరికింది కాబట్టి చెప్పుకున్నా :)

సిసిలియన్_సుబ్బు:
డింగ్ అంతటివాడే పొరబడ్డాడంటే మనకు ఎండ్‌గేమ్ చదివి లాభమేంటి సర్?

శకటు_గుంటూరు:
ఆయన పొరబడింది గంటల తరబడి ఒత్తిడిలో ఆడి అలిసిపోయి. శకటు డి5కి రాగానే పని అయిపోయిందని ఆయనకు తెలుసు, ముఖంలోనే కనిపించింది. మనకు అదీ తెలియదు, ఇంకో పది ఎత్తులు ఆడి గానీ ఓడామని గ్రహించం.

డల్లాస్_ఒంటె:
పజిల్ రేటింగ్‌కీ గేము రేటింగ్‌కీ మధ్య తేడా గురించి. పజిల్ తెరవగానే "ఇక్కడేదో ఉంది" అని మీకు ముందే తెలుసు. గేములో ఆ కబురు ఎవరూ చెప్పరు. అందుకే ప్రతి ఎత్తుకు ముందు అతని చెక్కులు, అతను కొట్టగలిగేవి, అతని బెదిరింపులు చూసుకుని, తర్వాత నావి చూసుకుంటాను. విసుగ్గా ఉంటుంది, నిజమే. కొన్ని నెలలకు కళ్లే చూసుకుంటాయి.
ఇంకోటి, కష్టమైన పజిల్స్ కంటే తేలికవి ఎక్కువ చేయండి, తప్పినవాటిని వారం తర్వాత మళ్లీ చేయండి. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఉంది. అసలు గేములోని పొజిషన్‌ను ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ చాలావరకు మళ్లీ పేర్చేశాడు. పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే కొత్తగా నేర్చుకునేవాడికీ మాస్టర్‌కూ పెద్ద తేడా లేదు. అంటే జ్ఞాపకశక్తి గొప్పది కాదు, చూసిన ఆకారాలు ఎక్కువ. తేలిక పజిల్స్ మళ్లీ మళ్లీ చేస్తే చేరేవి ఆ ఆకారాలే.

నల్లగడి:
దానికి ఒక మాట కలుపుతా. గేము అవగానే ఇంజన్ నొక్కకండి. ముందు మీరే చూడండి, ఎక్కడ కంగారుపడ్డారు, ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నారు, రెండు మాటల్లో రాయండి. తర్వాత ఇంజన్‌తో పోల్చండి. గుకేశ్‌ను చిన్నప్పుడు కోచ్ విష్ణు ప్రసన్న చాలా కాలం ఇంజన్ దగ్గరికే వెళ్లనివ్వలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. మనం అంత నిష్ఠగా ఉండక్కర్లేదు, ఒక్క అరగంట ఆగితే చాలు. లిచెస్‌లో "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" బటన్ ఉంది కదా, అది కూడా అరగంట తర్వాతే. అది మిమ్మల్ని సరైన ఎత్తు వెతకమంటుంది, మీరు ఎందుకు తప్పారో అడగదు.

బెజవాడ_అమ్మ:
మా బాబు ఆడతాడు, నాకు పావులు నడపడం వచ్చు అంతే. అయినా టోర్నీలకు తిప్పీ తిప్పీ ఒకటి గమనించాను. వాడి స్కోరుషీట్‌లో ప్రతి ఎత్తు పక్కన గడియారం మీద మిగిలిన నిమిషాలు రాయమన్నారు వాళ్ల సర్. తప్పులన్నీ రెండు చోట్లే దొరికాయి. ఒకటి, బాగా ఆలోచించి ఆలోచించి ఆడాక వచ్చే తర్వాతి ఎత్తు. రెండోది, ఎదుటి పావును కొట్టిన వెంటనే. సంబరంలో ఆడేస్తాడు. ఇప్పుడు పావు కొట్టాక చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నారు. నవ్వకండి, పనిచేస్తోంది :)
ఆన్‌లైన్ గేముల్లో ఎత్తుకెంత టైమ్ పట్టిందో వాళ్లే చూపిస్తారు కదా, బంటు గారూ, మీరూ చూడండి.

ఓరుగల్లు_గుర్రం:
మేడం చెప్పింది పక్కా. నాది గదే కథ, మంత్రిని గెలిచినంక ఓడిన గేములు నా అకౌంట్‌ల మస్తున్నయ్.

బంటు_మిత్రుడు:
ఆదివారం కూర్చుని పాత ఓటములన్నీ తీశాను. ఓపెనింగ్‌లోనే పోయినవి, మధ్యలో పావు ఊరికే ఇచ్చేసినవి, గెలిచే ఆట జారవిడిచినవి అని మూడుగా విడదీశాను. సుబ్బు బ్రో ఏమీ అనుకోవద్దు, ఓపెనింగ్‌వి అతి తక్కువ. మూడో రకమే ఎక్కువ, అమ్మగారు చెప్పినట్టు పావు గెలిచిన రెండు మూడు ఎత్తుల్లోనే జరిగాయి. అప్పుడు ఎత్తుకు మూడు నాలుగు సెకన్లకు మించి తీసుకోలేదు. గడియారంలో మాత్రం బోలెడు టైముంది.

సిసిలియన్_సుబ్బు:
సరే ఒప్పుకుంటా. కానీ ఆ కోర్సు నాకు పంపు :D

డల్లాస్_ఒంటె:
గెలుస్తున్నప్పుడు ఏం చేయాలో కూడా ప్రాక్టీస్ చేయొచ్చు. ఒక పావు ఎక్కువున్న పొజిషన్ పెట్టుకుని కంప్యూటర్ మీద గెలిచి చూపించండి. మొదట్లో ఘోరంగా ఉంటుంది. పావులు మార్చుకోవడం, బంట్లు ఉంచుకోవడం, ఎదుటివాడికి ఆశ మిగలకుండా చేయడం, అన్నీ అక్కడే వంటబడతాయి. మా క్లబ్బులో గేము అయ్యాక ఇద్దరూ పక్క గదిలో కూర్చుని మొదటినుంచీ మళ్లీ పేర్చుకుంటారు. మనకు తట్టనిది ఎదుటివాడు ముందే చూసుంటాడు. ఆన్‌లైన్‌లో కూడా గేము అయ్యాక చాట్‌లో "ఇక్కడ నువ్వేం చూశావు" అని అడిగితే చాలామంది చెప్తారు.

బంటు_మిత్రుడు:
అడిగి చూస్తా. ఇంకో సంగతి, వచ్చే నెల మా దగ్గర ఒక ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ ఓపెన్ టోర్నీ ఉంది, పేరిచ్చేశాను. అందరూ పిల్లలే ఉంటారేమో అని కొంచెం సిగ్గుగా ఉంది.

బెజవాడ_అమ్మ:
పిల్లలే ఉంటారు, ఎనిమిదేళ్లవాడు మిమ్మల్ని ఓడిస్తాడు కూడా. అలవాటైపోతుంది. రేటింగ్ గురించి మరీ బెంగపడకండి. 2024 మార్చిలో కనీస రేటింగ్‌ను 1400 చేశారు, అంతకన్నా తక్కువ చూపించరు. మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు గేములు లెక్కకు రావాలి. మొదట్లో కె (గేముకు రేటింగ్ ఎంత మారొచ్చో చెప్పే అంకె) 40 కాబట్టి పడ్డా లేచినా దూకుడుగానే ఉంటుంది. మా వాడు ఒక టోర్నీలో పోగొట్టుకుంది తర్వాతి దాంట్లో వెనక్కి తెచ్చుకున్నాడు.

శకటు_గుంటూరు:
పేరివ్వడం మంచి పని. కొన్ని సంగతులు ఆన్‌లైన్‌లో ఎవరూ నేర్పరు, ఇక్కడే చెప్పేస్తా. పావును తాకితే దాన్నే ఆడాలి. సర్దాలనుకుంటే ముట్టుకునే ముందే "అడ్జస్ట్" అనండి. క్యాస్లింగ్‌లో ముందు రాజును పట్టుకోండి, ఒక్క చేత్తోనే. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ ఎత్తులో అటువైపు క్యాస్లింగ్ ఉండదు. చెల్లని ఎత్తు ఆడితే ఎదుటివాడికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారి ఆడితే గేమే పోతుంది. ప్రతి ఎత్తూ రాయాలి, కాబట్టి ఇప్పట్నుంచే రాసే అలవాటు చేసుకోండి. లేకపోతే మొదటి రౌండంతా బోర్డుకన్నా కాగితాన్నే చూస్తారు. ఫోన్ హాల్లోకి తీసుకెళ్లొద్దు, జేబులో దొరికినా గేము పోయినట్టే.

ఓరుగల్లు_గుర్రం:
పెన్ను రెండు పెట్టుకో భాయ్. ఆర్బిటర్ (టోర్నీ రిఫరీ) దగ్గర ఎప్పుడూ ఉండదు.