మ్యాప్‌లో మా ఊరి ఇళ్లన్నీ రొయ్యల చెరువులోకి జరిగిపోయాయి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి

లంకవాసి:
పొద్దున 9కి కూర్చున్నాను, ఇప్పుడు 2:30. అన్నం కూడా తినలేదు. నాగాయలంక వైపు మా ఊరిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా గీయగల ఉచిత మ్యాప్) ఎక్కిస్తున్నాం, తుఫాన్లు మొదలయ్యేలోపు అయిపోవాలని. పోయిన వారం వెనక ఫొటో చూసి గీసిన ఇళ్లు అప్పుడు సరిగ్గా ఫొటోలోని కప్పుల మీదే ఉన్నాయి. ఇవాళ తెరిస్తే వరసంతా 10 మీటర్లు తూర్పుకు జరిగింది. రామాలయం సగం చెరువులో ఉంది. ఒక్కొక్క ఇంటినీ పట్టుకుని మళ్లీ కప్పు మీదకు లాగుతున్నా. 140 అయ్యాయి, ఇంకో 400 ఉన్నాయి. తప్పు సర్వర్‌దా, నా లాప్‌టాప్‌దా?

రెండుముక్కలు:
ఏ ఇమేజరీ? వెనక పెట్టుకున్న ఫొటో ఎవరిది?

లంకవాసి:
శాటిలైట్ అండీ. మామూలుదే.

రెండుముక్కలు:
మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగా, ఎస్రీ కంపెనీదా? గీసే ఎడిటర్ ఏది?

ట్యాగుల మాస్టారు:
ఇళ్ల సంగతి అలా ఉంచండి. తుఫాను వస్తే మీ ఊరు తలదాచుకునే షెల్టర్ భవనానికి ఎవరో అమెనిటీ=షెల్టర్ అని ట్యాగు (అదేమిటో చెప్పే గుర్తు) పెట్టారు. ఆ ట్యాగు వాన పడితే తలదాచుకునే చిన్న పందిరికీ, బస్ షెల్టర్‌కీ. రెండంతస్తుల కాంక్రీటు భవనానికి కాదు. పైగా ఇలాంటివి మామూలు రోజుల్లో బడిగా నడుస్తుంటాయి. రేపు సహాయ బృందం మ్యాప్ తెరిస్తే దాన్ని బస్టాపు అనుకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు ముందే దించుకున్న మ్యాపే దిక్కు. అందులో తప్పుంటే అడిగి దిద్దుకునే వీలుండదు.

లంకవాసి:
మాస్టారూ, ఇళ్లు నీళ్లలో పడ్డాయని నేను మొత్తుకుంటుంటే మీరు బస్టాపు గురించి చెబుతున్నారు. ఎడిటర్ ఐడీ, బ్రౌజర్‌లో నడిచేది. పోయిన వారం బింగ్. ఇవాళ మబ్బుల్లేకుండా శుభ్రంగా కనిపిస్తోందని ఎస్రీకి మార్చా. అది కూడా చెప్పాలా?

రెండుముక్కలు:
చెప్పాల్సింది అదొక్కటే. ఇళ్లు కదల్లేదు, ఫొటో కదిలింది. లాగడం ఆపండి.

కరకట్ట:
కాస్త వివరంగా చెబుతా. శాటిలైట్ ఫొటోను నేల మీద అతికించడంలో ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా కొన్ని మీటర్లు తేడా వస్తుంది. బింగే సరైనదని కాదు, ఎస్రీయే సరైనదనీ కాదు. జీపీఎస్ ట్రాకులతో, అంటే ఫోన్ పట్టుకుని తిరిగినప్పుడు నమోదైన దారులతో, పోల్చి చూసుకోవాలి. ఐడీలో బీ నొక్కితే బ్యాక్‌గ్రౌండ్ ప్యానెల్ వస్తుంది, అన్నిటికన్నా కింద ఇమేజరీ ఆఫ్‌సెట్ ఉంటుంది. ఊళ్లోకి వచ్చే తారు రోడ్డు మీద నాలుగైదుసార్లు తిరిగిన ట్రాకులు వేసుకుని, ఫొటోలో రోడ్డు వాటి మధ్యకు వచ్చేదాకా ఫొటోను జరపండి. ఇళ్లను కాదు. ఒక్క ట్రాకునే నమ్మొద్దు, కొబ్బరి తోటలో మా ఫోన్ నన్ను కాలవకు అవతలి గట్టున చూపించింది.

ఇంకొకటి. స్పష్టంగా ఉన్న ఫొటో కొత్త ఫొటో అనుకోకండి. మన వైపు నాలుగేళ్లలో వరిచేలు చెరువులైపోతాయి. ఫొటోలో పొలం గట్టు కనిపించిందని బాట గీస్తే, అక్కడ ఇప్పుడు చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుండొచ్చు.

రెండుముక్కలు:
140 సేవ్ చేశారా?

లంకవాసి:
పదేసి చొప్పున సేవ్ కొట్టుకుంటూ వచ్చా.

రెండుముక్కలు:
జేఓఎస్‌ఎమ్ అనే ఇంకో ఎడిటర్, అందులో రివర్టర్ ప్లగిన్. సేవ్ కొట్టిన ఆ ఛేంజ్‌సెట్లన్నీ (మార్పుల కట్టలు) వెనక్కి. ఐడీలో కాదు. టాస్కింగ్ మేనేజర్‌లో (మ్యాప్ పనిని ముక్కలుగా పంచే సైటు) తీసుకున్న పనైతే ఏ ఇమేజరీ వాడాలో సూచనల్లోనే ఉంటుంది.

లంకవాసి:
టాస్కింగ్ మేనేజర్‌లోదే, వరద మ్యాపింగ్ అని పేరు. సూచనలు ఇంగ్లిష్‌లో చాంతాడంత ఉన్నాయి, కిందకి జరిపేశా.

అవనిగడ్డ పెద్దాయన:
ఆ పనికి వరద మ్యాపింగ్ అని ఎవరు పేరు పెట్టారు? మాకు వచ్చేది ఉప్పెన. వరద కాలవలోంచి వస్తుంది, ఉప్పెన సముద్రంలోంచి వస్తుంది. 1977 నవంబర్ 19న వచ్చింది వరద కాదు. సర్కారు లెక్కలోనే దాదాపు 10 వేల మంది పోయారు.

ట్యాగుల మాస్టారు:
మ్యాప్‌లో నీరు ఎటునుంచి వచ్చిందని రాయరు కదండీ. ఏది మునుగుతుందన్నదే ముఖ్యం.

అవనిగడ్డ పెద్దాయన:
ఎందుకు రాయరు? వరదైతే కరకట్ట ఎక్కుతాం. ఉప్పెనలో కట్ట మీదుగానే నీళ్లు వస్తే ఎక్కడికి ఎక్కుతావు?

ట్యాగుల మాస్టారు:
ఇది వేరే చర్చలో పెట్టుకుందాం.

కరకట్ట:
పెద్దాయన మాటలో నిజముంది. హైతీలో 2010 భూకంపం వచ్చాక గానీ రాజధాని పోర్టో ప్రిన్స్ మ్యాప్ నిండలేదు. ఆ పని ముందే చేయాలనే 2014లో రెడ్‌క్రాస్, ఎంఎస్‌ఎఫ్ (వైద్యుల సహాయ సంస్థ) వాళ్లు, ఆపదల్లో సహాయం కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గీసే హాట్ సంస్థతో కలిసి మిస్సింగ్ మ్యాప్స్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. దూరం నుంచి గీసేవాళ్లకు కప్పు కనిపిస్తుంది గానీ, నీళ్లు ఎటునుంచి వస్తాయో ఊళ్లోవాళ్లు చెబితేనే తెలుస్తుంది.

లంకవాసి:
రివర్ట్ అయింది. బింగ్ పెట్టుకుంటే గుడి మళ్లీ గట్టు మీదకొచ్చింది. థాంక్స్. అన్నట్టు, మా షెల్టర్‌కు పోయే కట్ట ఒకచోట తెగి ఉంది, వేసవిలో నడుచుకుంటూ పోవచ్చు, వానాకాలం పోలేం. దాన్ని దారి అని గీయాలా వద్దా?

ట్యాగుల మాస్టారు:
ముందు ఆ షెల్టర్ ట్యాగు మార్చండి.