బాల్‌బెక్ గుమ్మం బొమ్మను సాక్ష్యంగా నమ్మొచ్చా?

రంగులపెట్టె:
స్కాట్లండ్ చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ 1841లో వేసిన బాల్‌బెక్ ఆలయ ద్వారం చూశారా? లెబనాన్‌లోని రోమన్ శిథిలం అది. ఆకాశమంత గుమ్మం, దాని నెత్తిన మధ్య రాయి జారిపోయి, ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంటుంది. కింద తలపాగాల మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఇలాంటి బొమ్మలను చరిత్రకు సాక్ష్యంగా తీసుకోవచ్చా? నేనైతే తీసుకోను. గొప్ప రోమ్ పోయింది, విలువ తెలియని జనం మిగిలారు అన్న మాటే నాకు అందులో వినిపిస్తుంది.

పాతరాయి:
రంగులపెట్టె గారూ, ఆ రాయి ఊహ కాదండీ. 1759 భూకంపానికి జారింది. రాబర్ట్స్ 1839 మేలో స్వయంగా అక్కడికి వెళ్లి స్కెచ్‌లు గీసుకున్నాడు. ఫొటోగ్రఫీ గురించి లోకానికి తెలిసిందే ఆ ఏడాది! తర్వాత 1870 ప్రాంతంలో రాయి పడిపోకుండా కింద స్తంభం కట్టారు. దాంతో రాయి అడుగున చెక్కిన గద్ద సరిగా కనపడకుండా పోయింది. రాయిని మళ్లీ పైకెత్తి సరిచేసింది 20వ శతాబ్దంలోనే. ఫొటోలు రాకముందు ఆ గుమ్మం ఎలా ఉండేదో చూడాలంటే మనకు ఇలాంటి బొమ్మలే దిక్కు. ఇక మనుషులంటారా, ఆయన నాటకశాలల్లో తెరలు వేసి పైకొచ్చినవాడు. ఎత్తు తెలియడానికి కింద చిన్న మనుషులను పెట్టడం ఆయనకు అలవాటు. స్పెయిన్ చర్చిల బొమ్మల్లోనూ అంతే చేశాడు.

రంగులపెట్టె:
భూకంపం అన్నారు కదా, నా బాధ సరిగ్గా అదే. ఆ సంగతి బొమ్మలో ఎక్కడుంది? లండన్‌లో చూసేవాళ్లకు కనిపించేది పడబోతున్న రాయి, దాని దగ్గర తీరిగ్గా ఉన్న మనుషులు. తప్పు ఎవరిదనుకుంటారు? నిజానికి ఆ ఆవరణను మధ్యయుగంలో కోటగా మార్చుకుని వాడుకున్నారు. రోమన్లు పోయాక కూడా వందల ఏళ్లు అక్కడ జనం బతికారు. ఆ బతుకు జాడ ఈ బొమ్మలో నాకు దొరకలేదు.

గడప:
పేరు సంగతి ఇద్దరూ వదిలేశారు. రాబర్ట్స్ దీన్ని 'మహాలయ ద్వారం' అన్నాడు. కానీ ఆ గుమ్మం పెద్ద గుడిది కాదు, ఇప్పుడు బాకస్ ఆలయం అంటున్న దానిది. పెద్దది పక్కనున్న జూపిటర్ ఆలయం, దానికి నిలబడి ఉన్నవి ఆరు స్తంభాలే. అందుకే రాతి చెక్కడాల వరకు నేను ఈ బొమ్మను నమ్ముతాను. పేరును, మనుషులను నమ్మను.

పాతరాయి:
పేరు విషయం ఒప్పుకుంటున్నాను గడప గారూ. మనుషులను తీసేస్తే మాత్రం గుమ్మం ఎత్తు తెలియదు. అయితే ఎత్తు చూపించడానికి పనిలో ఉన్నవాళ్లను కూడా గీయొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, నా దగ్గర జవాబు లేదు.