పోకెమాన్‌లో రైకూ కనిపించిన వెంటనే పారిపోతోంది, పారిపోకుండా కట్టేసే మీన్ లుక్ వేసినా ఆగట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

తూఫాన్‌మెయిల్:
పొద్దున కూర్చున్నవాణ్ణి ఇంకా లేవలేదు. జోతో ప్రాంతంలో రైకూ కోసం గడ్డిలో అటూ ఇటూ తిరిగి తిరిగి బొటనవేళ్లు లాగేస్తున్నాయి. పిడ్జీలూ హూట్‌హూట్‌లే తగులుతున్నాయి, అది మాత్రం రాదు. వీటి గోల పడలేక, ఎదురు రాకుండా ఆపే రిపెల్ వేస్తే అవి ఆగాయి, వాటితో పాటు రైకూ కూడా మాయం. చివరికి రిపెల్ లేకుండానే ఎదురైంది. క్రోబాట్‌తో మీన్ లుక్ వేశాను, పడింది. హమ్మయ్య అనుకుని పక్షవాతం పెట్టే థండర్ వేవ్ కోసం ఆంఫరోస్‌ని దింపాను. ఆ టర్న్‌లోనే వెళ్లిపోయింది! మీన్ లుక్ పడ్డాక ఎలా పారిపోతుందండీ? కర్ట్ చేత ఫాస్ట్ బాల్స్ కూడా చేయించుకున్నాను, పారిపోయేవాటికే కదా అవి. వాటికీ లొంగట్లేదు. పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా పట్టారో చెప్పండి, ఇంక ఓపిక లేదు.

పొట్టిపిడుగు:
ఏ గేమ్?

సోల్‌సిల్వర్ రాణి:
పోకెగేర్ మ్యాప్ తెరిచి చూడండి, రైకూ ఏ రూట్‌లో ఉందో బొమ్మ కనిపిస్తుంది. అది మీ పక్క రూట్‌కి వచ్చేదాకా హద్దు దాటుతూ ఉండండి. ఫాస్ట్ బాల్ పనిచేయలేదంటే నమ్మలేకపోతున్నాను. బేస్ స్పీడ్ 100, ఆపైన ఉన్నవాటికి అది పట్టే రేటు 4 రెట్లు, రైకూది 115. నేను దాంతోనే పట్టాను. ఇంకోటి, ఒకసారి పక్షవాతం పెట్టగలిగితే చాలు. పారిపోయినా మళ్లీ కలిసినప్పుడు పక్షవాతంతోనే ఉంటుంది, పట్టడం బాగా సులువవుతుంది. మీరు థండర్ వేవ్ అనుకోవడం సరైన ఆలోచనే.

తూఫాన్‌మెయిల్:
మ్యాప్‌లో బొమ్మలేవీ రావట్లేదండీ. పోకెగేర్‌లో ఊళ్ల పేర్లే కనిపిస్తున్నాయి.

గ్రే కార్ట్రిడ్జ్:
తమ్ముడూ, రైకూ సంగతి తర్వాత. ముందు సేవ్ సంగతి చూసుకో. గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ మూడింటిలోనూ సేవ్‌ని నిలబెట్టేది లోపలున్న సీఆర్2025 బటన్ సెల్. ఆటలో పగలూ రాత్రీ నడిపే గడియారానికీ అదే సెల్. నువ్వు ఆడకపోయినా గడియారం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి రెడ్, బ్లూ కార్ట్రిడ్జ్‌ల కంటే వీటి సెల్ త్వరగా అయిపోతుంది. గోల్డ్, సిల్వర్ జపాన్‌లో వచ్చింది 1999లో. అప్పటి సెల్ ఇంకా మార్చకుండా ఉంటే, కష్టపడి రైకూని పట్టి సేవ్ చేసినా మర్నాడు ఆన్ చేస్తే ఏమీ ఉండదు. సెల్ తీసిన క్షణమే పాత సేవ్ పోతుంది, అది గుర్తుంచుకుని మార్చు. ట్యాబ్‌లు అంటించి ఉన్న సెల్ కొని సోల్డర్ చేయించు. టేపుతో అంటించే పని మాత్రం పెట్టుకోవద్దు. కొన్నాళ్లకి వదులై ఆట మధ్యలో సేవ్ ఎగిరిపోతుంది. ఎంత మంది పిల్లలు చిన్నప్పటి సేవ్ పోగొట్టుకుని బాధపడ్డారో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

లీఫ్‌గ్రీన్ 04:
రోర్‌తో జాగ్రత్త బ్రో. రైకూ గానీ దానిలాగే తిరిగే ఎంటే గానీ రోర్ వేసి ఫైట్ ఆపేసిందంటే ఇంక ఆ గేమ్‌లో మళ్లీ కనిపించదు. మొత్తానికే పోతుంది. ఫైట్ ముందు సేవ్ చేసుకో.

తూఫాన్‌మెయిల్:
అయ్యో, నిన్న ఒకసారి రోర్ వేసింది! అంటే పోయినట్టేనా? ఇంత తిరిగిందీ లేనిదాని కోసమా??

నల్గొండ నైట్‌షిఫ్ట్:
ఆగు తమ్మీ, పరేషాన్ కాకు. నిన్న రోర్ వేసినంక మళ్ల ఎదురైంది అంటున్నవ్ కదా, అంటే ఉన్నట్టే. రోర్‌తోని మొత్తానికే మాయమయ్యేది ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌ల. అక్కడ స్టార్టర్‌ని బట్టి ఒక్కటే తిరుగుతది, స్క్విర్టిల్ తీసుకున్నోళ్లకు రైకూ. నీది జోతో అన్నవ్, కథ వేరే. ఇగ పైన అక్క చెప్పింది హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ముచ్చట. జోతో అంటే పాతదీ ఉంది, 2009ల వచ్చినదీ ఉంది. రెండిట్ల లెక్కలు అస్సలు కలువయి. నువ్వు ఏది ఆడుతున్నవో చెప్పకుంటే ఎవరేం చెప్పినా తప్పే అయితది. క్రోబాట్ లెవెల్ ఎంతనో కూడా చెప్పు.

తూఫాన్‌మెయిల్:
క్రిస్టల్ అన్నా. 3డీఎస్‌లో వర్చువల్ కన్సోల్, అంటే పాత గేమ్‌నే స్టోర్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకునేది. 2018లో వచ్చింది కదా, స్టోర్ మూసేయకముందే కొన్నాను. క్రోబాట్ 47. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

నల్గొండ నైట్‌షిఫ్ట్:
మొత్తం సంబంధం అదే. ఒక్కొక్కటి చెప్తా, నింపాదిగ చదువు.

క్రిస్టల్‌ల రైకూ, ఎంటే రెండూ 40 లెవెల్. రిపెల్ ఏం చేస్తదంటే, నీ ముందున్న పోకెమాన్ లెవెల్ కంటే తక్కువ లెవెల్ ఉన్నవాటిని రానియ్యది. నీ క్రోబాట్ 47, రైకూ 40. నీ రిపెలే దాన్ని తరిమేస్తున్నది. ముందున్నది 40 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే రైకూ వస్తది, పిడ్జీలు రావు. రూట్ 36, 37 మధ్యల హద్దు ఉంది చూడు, అక్కడ తిరుగు. రెండు దిక్కులా వచ్చేవి 20 లోపే. హద్దు దాటినప్పుడల్లా రైకూ కూడా ఒక రూట్ జరుగుతది. ఫ్లై మాత్రం వాడకు, అది యాడికో దూకుతది. ఒక్కసారి చూసినవ్ కాబట్టి పోకెడెక్స్‌ల రైకూ పేజీ తీసి ఏరియా నొక్కితే ఇప్పుడు ఏ రూట్‌ల ఉందో కనిపిస్తది. పోకెగేర్‌ల కాదు. నీటి దారులు 40, 41 మీద దాన్ని వెతకకు, అక్కడికి రాదు.

ఇగ మీన్ లుక్. అది వేసినోడు బరిలో ఉన్నంతసేపే పనిచేస్తది. నువ్వు క్రోబాట్‌ని వెనక్కి పిలిచి ఆంఫరోస్‌ని దించినవ్, కట్టు విప్పినట్టే అయింది. అందుకే అదే టర్న్‌ల పోయింది.

థండర్ వేవ్ ఆశ కూడా వదిలెయ్. ఈ తరం గేముల్ల పట్టే లెక్కల ఒక తప్పు ఉండిపోయింది. పక్షవాతం, విషం, కాలిన గాయం, ఈ మూడిటికి బోనస్ అస్సలు పడదు. నిద్ర, గడ్డకట్టుడు, ఈ రెండిటికే పడుతది. ఫాస్ట్ బాల్ సుత ఇట్లనే పాడైంది. మాగ్నెమైట్, గ్రైమర్, టాంగెలా, ఈ మూడిటి మీద తప్ప యాడా పనిచెయ్యది. రైకూ మీద అది మామూలు పోకె బాలే.

సోల్‌సిల్వర్ రాణి:
నేను చెప్పింది తప్పు కాదండీ, సోల్‌సిల్వర్‌లో అక్షరాలా అలాగే ఉంటుంది. అడిగినాయన ముందే క్రిస్టల్ అని రాసుంటే ఆ పోస్టు పెట్టేదాన్నే కాదు.

నల్గొండ నైట్‌షిఫ్ట్:
అక్కా, మీది తప్పన్లే. ఆ గేమ్‌కు అది వందశాతం కరెక్ట్.

తూఫాన్‌మెయిల్:
సరే అన్నా, అర్థమైంది. అయితే 40 లోపు ఉన్న వేరే క్రోబాట్ పెంచితే సరిపోతుందా? కానీ నాది మీన్ లుక్ నేర్చుకుంది 42లో!

నల్గొండ నైట్‌షిఫ్ట్:
అసలు చిక్కు ఆడనే ఉంది. గోల్‌బాట్, క్రోబాట్ 42కు నేర్చుకుంటయి, వాటి మొదటి రూపం జూబాట్ మాత్రం 36కే. కొత్త జూబాట్‌ని పట్టుకో. 22 నుంచి ప్రతి లెవెల్‌కు ఎవాల్వ్ అయితనంటది, ప్రతిసారి బి నొక్కి ఆపు. 36ల మీన్ లుక్ నేర్పు. 37ల గోల్‌బాట్ కానియ్యి. దోస్తీ బాగుంటే 38ల క్రోబాట్ అయితది. ఇగ 40 దాటనియ్యకు. గోల్‌బాట్‌తోనే పోదామనుకోకు, దాని బేస్ స్పీడ్ 90. రైకూది 115, అది ముందే ఉరుకుతది. క్రోబాట్‌ది 130. దోస్తీ పెరగాలంటే గోల్డెన్‌రాడ్ అండర్‌గ్రౌండ్‌ల హెయిర్‌కట్ చేపియ్యి, మూర్ఛపోనియ్యకు, ఎప్పుడూ వెంట తిప్పు.

పొట్టిపిడుగు:
ఎప్పుడూ తప్పని మాస్టర్ బాల్ వాడు. పని అయిపోతుంది.

తూఫాన్‌మెయిల్:
అది లూగియా కోసం దాచానండీ. ఒక్కటే ఉంది.

పొట్టిపిడుగు:
లూగియా పారిపోదు.

బెజవాడ బ్యాగ్‌ఫుల్:
పొట్టిపిడుగు గారి మాటే నాదీనూ. ప్రొఫెసర్ ఎల్మ్ 8వ బ్యాడ్జ్ తర్వాత ఇచ్చే ఆ ఒక్క బాల్‌కి రైకూని మించిన వాడకం లేదు. చాలామంది దాచిపెట్టి దాచిపెట్టి చివరికి వాడకుండానే వదిలేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. లూగియాకి హెవీ బాల్ ఉంది కదండీ! రూట్ 37లో నల్ల ఆప్రికార్న్ కాయ కోసి కర్ట్‌కి ఇవ్వండి, మర్నాటికి చేసిపెడతాడు. లూగియా బరువు 216 కిలోలు, అంత బరువుకి దాని క్యాచ్ రేట్‌కి 20 కలుస్తుంది. 3 కాస్తా 23 అవుతుంది. అదే అల్ట్రా బాల్ అయితే 3ని రెట్టింపు చేస్తుంది అంతే, 6. ఎక్కడ 23, ఎక్కడ 6! రైకూ 178 కిలోలు, ఆ బరువుకి హెవీ బాల్ ఏమీ కలపదు. కాబట్టి మాస్టర్ బాల్ రైకూకి, హెవీ బాల్ లూగియాకి. ఇందులో ఆలోచించడానికేం లేదు.

లీఫ్‌గ్రీన్ 04:
క్యాచ్ రేట్ 3 అంటే 3 శాతమా? వందకి మూడు బాల్స్ అంటే మరీ అంత కష్టమేం కాదుగా.

బెజవాడ బ్యాగ్‌ఫుల్:
కాదండీ, శాతం కాదు. అది 255కి లెక్క. దాన్ని శాతం అనడం వల్లే అందరూ పొరబడుతున్నారు.

లీఫ్‌గ్రీన్ 04:
రేట్ అన్నాక శాతమేగా ఎవరైనా అనుకునేది.

నల్గొండ నైట్‌షిఫ్ట్:
పేరు ఏదన్న పెట్టుకోండ్రి, అంకె చూడుండ్రి. క్రిస్టల్‌ల రైకూ నిండు హెచ్‌పీతోని, అంటే నిండు ప్రాణంతోని ఉన్నప్పుడు అల్ట్రా బాల్ విసిరితే 256ల 3 వంతులు. 1 హెచ్‌పీకి దించితే 256ల సుమారు 6. అదే 1 హెచ్‌పీల నిద్రపోతుంటే 256ల 16, అంటే సగటున 16 బాల్స్‌కు ఒకటి. నిద్రకు నేరుగా 10 కలుస్తది, రేట్ ఇంత చిన్నగున్నప్పుడు ఆ 10యే కొండంత. పైగా ఈ గేమ్‌ల నిద్రల ఉన్నది పారిపోదు, రోర్ వెయ్యది.

గ్రే కార్ట్రిడ్జ్:
వర్చువల్ కన్సోల్ అన్నావు కాబట్టి నీకు సెల్ బాధ లేదు, మంచిదే. కానీ అది ఒరిజినల్ కాదు తమ్ముడూ. ఒరిజినల్ అంటే కార్ట్రిడ్జే. ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను, సెల్ మార్చేటప్పుడు ప్లస్, మైనస్ చూసుకోండి.

పొట్టిపిడుగు:
డబ్బిచ్చి కొన్న అధికారిక గేమ్ ఒరిజినల్ ఎందుకు కాదు?

గ్రే కార్ట్రిడ్జ్:
స్టోర్ 2023లో మూసేశారు. రేపు ఆ 3డీఎస్ పాడైతే మళ్లీ ఎక్కడ కొంటాడు? నా కార్ట్రిడ్జ్‌కి సెల్ మారిస్తే చాలు, ఏ గేమ్‌బాయ్ కలర్‌లో పెట్టినా ఆడుతుంది. చేతిలో ఉన్నదే మనది.

తూఫాన్‌మెయిల్:
అన్నా, నిద్ర అన్నారు కదా. హిప్నాసిస్ నా హాంటర్ దగ్గర ఉంది, మీన్ లుక్ కూడా ఉంది. దాన్నే ముందు పెడితే?

నల్గొండ నైట్‌షిఫ్ట్:
హాంటర్ స్పీడ్ 95. రైకూ ముందు నిలవది. ఎంటే 100, దాని ముందు కూడా కొంచెంల పోతది. హాంటర్‌ని ఎవరితోనన్న ట్రేడ్ చేసి గెంగార్ చేసుకుంటే 110 అయితది. అప్పుడు ఎంటేని నిద్రపుచ్చొచ్చు, పుచ్చినంక నిమ్మళంగ మార్చుకో, ఏం కాదు. నేషనల్ పార్క్‌ల మంగళ, గురు, శనివారాలు పురుగుల పోటీ ఉంటది, అక్కడ సైథర్ దొరుకుతది. దాని ఫాల్స్ స్వైప్ 1 హెచ్‌పీ మిగిల్చి ఆగుతది. ఎంటేకు గెంగార్, సైథర్ జోడీ మించింది లేదు.

రైకూకు మాత్రం అంత సుఖం లేదు. క్రోబాట్‌నే బరిల ఉంచి దాంతోనే కొట్టాలె. థండర్‌షాక్ దానికి గట్టిగ తగులుతది, రోర్ సుత వేస్తది. రోర్ వేస్తే వెయ్యనియ్యి. నువ్వు కొట్టిన దెబ్బ పోదు, మళ్ల కలిసినప్పుడు అదే హెచ్‌పీతోని ఉంటది. కలిసినప్పుడల్లా ఇంత ఇంత తగ్గియ్యి. హెచ్‌పీ గీత ఎరుపుకు వచ్చినంక కొట్టుడు ఆపి బాల్స్ విసురు, బాల్ ఎప్పుడూ దాని టర్న్ కంటే ముందే పడుతది. ఒక్కటే భయం, పొరపాటున పడగొట్టినవంటే ఈ గేమ్‌ల మళ్ల రాదు.

బెజవాడ బ్యాగ్‌ఫుల్:
ఇంత యాతన ఎందుకండీ, మాస్టర్ బాల్ అని చెబుతూనే ఉన్నాను. ముందు 40 లోపుది ఏదో ఒకటి పెట్టి, రిపెల్ వేసి, ఎదురవగానే విసరడమే.

సోల్‌సిల్వర్ రాణి:
వర్చువల్ కన్సోల్ క్రిస్టల్‌లో సెలెబీ అనే అరుదైన పోకెమాన్ కూడా దొరుకుతుందట కదా? జపాన్‌లో అప్పట్లో మొబైల్ అడాప్టర్ ఉన్నవాళ్లకే ఇచ్చిన జీఎస్ బాల్ దీంట్లో అందరికీ పెట్టారని విన్నాను.

బెజవాడ బ్యాగ్‌ఫుల్:
నిజమేనండీ. ఎలీట్ ఫోర్‌ని గెలిచి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాక గోల్డెన్‌రాడ్ పోకెమాన్ సెంటర్‌లో జీఎస్ బాల్ ఇస్తారు. దాన్ని కర్ట్‌కి చూపించి, తర్వాత ఇలెక్స్ అడవిలో గుడి దగ్గర పెట్టాలి. పాత ఇంగ్లిష్ కార్ట్రిడ్జ్‌లో ఆ అవకాశమే లేదు.

గ్రే కార్ట్రిడ్జ్:
ఆ ఒక్క విషయంలో వర్చువల్ కన్సోల్‌దే పైచేయి, ఒప్పుకుంటాను.

తూఫాన్‌మెయిల్:
సెలెబీ సంగతి నాకు తెలియనే తెలియదు! డార్క్ కేవ్‌లో జూబాట్ పట్టాను, పెంచుతున్నాను. మాస్టర్ బాల్ ఇంకా తేల్చుకోలేదు. అందరికీ థాంక్స్.

సిల్వర్ వింగ్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది పాత సిల్వర్. సూయ్‌కూన్ కూడా ఇలాగే తిరుగుతుందా, టిన్ టవర్‌లో కూర్చుంటుందా?

పొట్టిపిడుగు:
తిరుగుతుంది. టవర్‌లో ఉండేది క్రిస్టల్‌లోనే.

సిల్వర్ వింగ్:
దాని స్పీడ్ 85 కదా, అయితే హాంటర్ సరిపోతుందన్నమాట? హిప్నాసిస్ ముందా, మీన్ లుక్ ముందా?