కట్టిన ఇంటి గోడల్లో నెట్‌వర్క్ కేబుల్ లాగించడం: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

మారతహళ్ళి మేడగది:
అందరికీ నమస్కారం. మాది ఇరవై ఏళ్ల కిందట కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ పెట్టె కింద హాల్లో ఉన్నది, నేను ఆఫీసు పని చేసుకునే గది మేడ మీద వెనుకవైపు ఉన్నది. మధ్యలో స్లాబు, రెండు గోడలు అడ్డం ఉండటంతో వైఫై అక్కడికి చేరేసరికి నీరసించిపోతున్నది. గోడ పగలగొట్టకుండా కరెంటు తీగలున్న పైపులోనే క్యాట్ 6 రకం నెట్ కేబుల్‌ను కూడా తోసేస్తానని ఒక ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఒప్పుకోవచ్చునా?

బాణసవాడి పాతకాపు:
ఒప్పుకోకండి. నెట్ కేబుల్ తొడుగు 230 వోల్టుల తీగల పక్కన ఉండటానికి తయారైనది కాదు. లాగేటప్పుడు ఒరుసుకుని పాత తీగ తొడుగు చిట్లిందంటే, ఆ కరెంటు మీరు చేయి వేసే యంత్రం దాకా రావచ్చు. దానికి బదులు, ఆ కాలపు ఇళ్లలో ల్యాండ్‌లైన్ కోసం విడిగా వేసిన పైపు మీ ఇంట్లో ఉన్నదేమో వెతకండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఫోను ప్లేటు ఒకటి సోఫా వెనుకో బీరువా వెనుకో ఉంటుంది.

మా ఇంట్లో ఆ పాత ఫోను తీగకే కొత్త కేబుల్ కట్టి లాగాను. సగం దూరం వచ్చాక వంపు దగ్గర ముడి ఊడి, తీగ ఒక్కటే చేతికి వచ్చింది. ఆ తరువాత ఎలక్ట్రీషియన్లు పైపులో తీగ దూర్చడానికి వాడే స్ప్రింగుతో రెండు గంటలు కుస్తీ పట్టవలసి వచ్చింది. కాబట్టి ముందు ఫోను తీగతో నైలాన్ తాడును లాగి, తాడుతో కేబుల్‌ను లాగండి. కేబుల్ కొసన లోపలి ఎనిమిది తీగలనూ ఒకదానికంటే ఒకటి పొట్టిగా కత్తిరించి, చెక్కిన పెన్సిలు మొనలాగా సన్నగా టేపు చుడితే వంపుల్లో చిక్కుకోదు. కనెక్టరు ముందే బిగించకండి. ఒకరు పైనుంచి కేబుల్ అందిస్తుంటే మరొకరు కింద నిదానంగా లాగాలి. పదకొండు కిలోల బరువుకు మించిన బలం పెడితే లోపల రెండేసి చొప్పున జతలుగా మెలిపెట్టిన తీగల మెలిక చెడుతుంది.

మారతహళ్ళి మేడగది:
ధన్యవాదాలండి. షూ ర్యాకు వెనుక ప్లేటు దొరికింది. విప్పి తీగను జానెడు లాగగానే, పైన కదిలిందని మా ఆవిడ మేడ మీదనుంచి కేకవేసింది.

హెబ్బాళ వాసి:
అదృష్టవంతులు. ఇక కేబుల్ కొనేటప్పుడు మోసపోకండి. నేను బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణంలో చవకగా వస్తున్నదని 305 మీటర్ల పెట్టె కొన్నాను. గోడలోకి ఎక్కించి, సాకెట్‌లో నొక్కుతుంటే తీగలు పుటుక్కున తెగిపోయాయి. చాకుతో గీరి చూస్తే పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం. కొనేముందే దుకాణంలో ఒక తీగను గీరి చూడండి. దుకాణదారు ముఖం చిట్లిస్తే అదే మీకు జవాబు.

కె.ఆర్. పురం గృహస్థు:
పైపు దొరకనివారి కోసం ఒక మాట. కేబుల్ కోసం గోడలో గాడి కొట్టించవలసి వస్తే పిల్లర్లనూ బీములనూ ముట్టనివ్వకండి. మేము ఆ గొడవంతా మానుకుని, ఎండకు తట్టుకునే నల్ల తొడుగు కేబుల్‌ను బయటి గోడ మీదుగా పైకి తీసుకుపోయాము. గోడకు రంధ్రం బయటివైపు వాలుగా వేయించి, కేబుల్‌ను లోపలికి దూర్చే ముందు కిందికి ఒక చిన్న వంకీ తిప్పితే, వాననీరు ఆ వంకీ దగ్గరే కారిపోతుంది. చూడటానికి అందంగా ఉండదన్నది నిజమే.

మారతహళ్ళి మేడగది:
ఆదివారం పని పూర్తయింది. తాడుతో కేబుల్ ఇరవై నిమిషాల్లో దిగింది గాని, కంప్యూటరు 1000కి (గిగాబిట్‌కి) బదులు 100 ఎంబీపీఎస్ మాత్రమే చూపించింది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలును గనుక ఎక్కడో ఒక జత అందడం లేదని అర్థమైంది. పై కొసన గోధుమ రంగు తీగ కనెక్టరు చివరి దాకా చేరలేదు. కత్తిరించి, రెండు కొసలా తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ వరుస సరిచూసి కనెక్టరును మళ్ళీ క్రింప్ చేయగానే (నొక్కి బిగించగానే) 1000 వచ్చింది. కేబుల్‌తో పాటే మున్ముందు ఇంకో కేబుల్ లాగవలసి వస్తే పనికొస్తుందని మరో నైలాన్ తాడును కూడా లాగి, రెండు ప్లేట్ల వెనుకా చుట్టి ఉంచాను.